రిపోర్టులో విటమిన్ డి నార్మల్ అని ఉన్నా మళ్లీ ఎందుకు?

ప్రశ్న: మా నాన్నగారికి 68 ఏళ్లు. మూత్రపిండాల జబ్బు నాలుగో దశలో ఉంది. రక్తపరీక్షలో విటమిన్ డి 34 వచ్చింది, పక్కనే నార్మల్ అని రాసి ఉంది. అయినా పీటీహెచ్ (పారాథైరాయిడ్ గ్రంథుల హార్మోన్) ఏడాదిగా పెరుగుతూనే ఉందని డాక్టరుగారు కాల్సిట్రియాల్ రాశారు. అదీ విటమిన్ డీయేనన్నారు. విటమిన్ డి గ్రాహకాలు (కణాల్లో దాన్ని అందుకునే ప్రొటీన్లు) గుండెలో, రక్తనాళాల్లో, కిడ్నీల్లో కూడా ఉంటాయని చదివాను. అలాంటప్పుడు మామూలు విటమిన్ డి మాత్రల మోతాదు కూడా పెంచితే గుండెకూ కిడ్నీలకూ మేలు జరగదా?

జవాబు: ఆ రిపోర్టులో 34 అంకెకు ఎదురుగా ఉన్న పేరును ఒకసారి జాగ్రత్తగా చదవండి. అక్కడ ‘25 హైడ్రాక్సీ విటమిన్ డి’ అని ఉంటుంది. చర్మంలో తయారైన విటమిన్ డి గానీ, మాత్రగా మింగినది గానీ, కాలేయంలో ఈ రూపంలోకి మారి రక్తంలో తిరుగుతూ ఉంటుంది. అది శరీరంలోని నిల్వ ఎంతో చెబుతుంది, అంతే. కణంలోని గ్రాహకాన్ని గట్టిగా పట్టుకుని పని చేయించే రూపం కాల్సిట్రియాల్. రక్తంలో తిరిగే కాల్సిట్రియాల్ ప్రధానంగా మూత్రపిండాల్లోనే తయారవుతుందని 1970లో ఫ్రేజర్, కోడిచెక్ అనే శాస్త్రవేత్తలు కనుగొన్నారు. నిల్వను నానోగ్రాముల్లో కొలిస్తే కాల్సిట్రియాల్‌ను పికోగ్రాముల్లో కొలవాలి, అంటే అది నిల్వలో సుమారు వెయ్యో వంతు మాత్రమే. కాబట్టి మీ నాన్నగారికి నిల్వ సరిపడా ఉండి, దాన్ని పనికొచ్చే రూపంలోకి మార్చే చోటు దెబ్బతిని ఉండవచ్చు. రిపోర్టుకూ మందుకూ మధ్య వైరుధ్యమేమీ లేదు.

మూత్రపిండాలు బలహీనపడుతున్నకొద్దీ ఫాస్ఫరస్‌ను బయటికి పంపడం కష్టమవుతుంది. దాన్ని సర్దడానికి ఎముకలు ఎఫ్‌జీఎఫ్ 23 అనే హార్మోన్‌ను ఎక్కువగా వదులుతాయి, ఆ హార్మోన్ కాల్సిట్రియాల్ తయారీని అణచివేస్తుంది. దీని ప్రభావం మొదట కనబడేది పారాథైరాయిడ్ గ్రంథుల్లో. మెడలో థైరాయిడ్ వెనక సాధారణంగా నాలుగుంటాయి, ఒక్కొక్కటి బియ్యపు గింజంత. ఆ కణాల్లోకి చేరిన కాల్సిట్రియాల్ అక్కడి గ్రాహకంతో కలిసి, మరో ప్రొటీన్‌ను జతచేసుకుని, పీటీహెచ్ తయారీకి సంబంధించిన జన్యువు మీద కూర్చుని దాన్ని నెమ్మదింపజేస్తుంది. కాల్సిట్రియాల్ తగ్గితే ఆ పగ్గం వదులవుతుంది, పీటీహెచ్ పెరుగుతుంది, ఎముకల్లోని కాల్షియం కరిగి రక్తంలోకి వస్తుంది. ఏళ్ల తరబడి ఇలాగే సాగితే గ్రంథిలో కణాలు గడ్డలుగా పెరుగుతాయి. ఆ గడ్డల్లో గ్రాహకాల సంఖ్యే తగ్గిపోతుంది కనుక అప్పుడు మందు వేసినా పట్టదు. అందుకే, విడవకుండా పెరుగుతున్న పీటీహెచ్‌ను చూసి మీ డాక్టరుగారు ఉపేక్షించలేదు.

ఇక గుండె సంగతి. ఈ గ్రాహకాన్ని 1969లో హాస్లర్, నార్మన్ కోడిపిల్లల పేగుల్లో గుర్తించారు. ఆ తర్వాత చర్మం, రోగనిరోధక కణాలు, క్లోమం, గుండె కండరం, రక్తనాళాల గోడలు, ఇలా ఎన్నో చోట్ల కనబడింది. గ్రాహకం లేకుండా పుట్టించిన ఎలుకల్లో రెనిన్ అనే పదార్థం, దానితోపాటు రక్తపోటు పెరిగాయని 2002లో తేలినప్పుడు, మూత్రపిండ రోగుల గుండెను ఈ దారిలో కాపాడవచ్చన్న ఆశ బలంగా కలిగింది. నేనూ అలాగే ఆశించాను. కానీ మనుషుల్లో జరిపిన పరీక్షలు ఆ ఆశను నిలబెట్టలేదు. ప్రైమో అనే పరీక్షలో 48 వారాలు కాల్సిట్రియాల్ తరహా మందైన పారికాల్సిటాల్ ఇచ్చినా గుండె గోడల బరువు తగ్గలేదు (2012). జపాన్‌లో పీటీహెచ్ అంతగా పెరగని డయాలసిస్ రోగులకు అదే తరహా మందైన ఆల్ఫాకాల్సిడాల్ ఇచ్చి చూసిన పరీక్షలో గుండెజబ్బులు తగ్గలేదు (2018). మధుమేహం ఉన్నవారికి రోజుకు 2000 యూనిట్ల విటమిన్ డి 5 ఏళ్లు ఇచ్చినా కిడ్నీల పనితీరు తగ్గే వేగం మారలేదు (2019). ఒక అవయవంలో గ్రాహకం ఉండటం వేరు, మందు ఎక్కువ వేసినందువల్ల ఆ అవయవానికి లాభం కలగడం వేరు.

ఈ గ్రాహకంలోనే జన్యులోపంతో పుట్టే పిల్లల విషయం ఇక్కడ చెప్పాలనిపిస్తోంది. వాళ్ల రక్తంలో కాల్సిట్రియాల్ ఎక్కువగానే ఉంటుంది, అయినా ఎముకలు మెత్తబడే రికెట్స్ వస్తుంది, చాలామందికి తల మీద జుట్టు నిలవదు. కాల్షియంను నేరుగా రక్తనాళంలోకి ఎక్కిస్తే ఎముకలు బాగుపడతాయి కానీ జుట్టు తిరిగి రాదు. కాల్సిట్రియాల్ తయారుచేసే ఎంజైమ్ మాత్రమే లోపించిన పిల్లలకు జుట్టు ఊడదు. అంటే వెంట్రుకల కుదుళ్లలో ఆ గ్రాహకం హార్మోన్‌తో పని లేకుండానే తన పని తాను చేస్తోందన్నమాట. గ్రాహకం ఉన్న ప్రతిచోటా విటమిన్ పోస్తే ఫలితం వస్తుందనుకోవడం ఎందుకు సరికాదో దీన్నిబట్టి అర్థమవుతుంది.

కాబట్టి దయచేసి మీ అంతట మీరు మోతాదు పెంచకండి. కాల్సిట్రియాల్ పేగుల్లో కాల్షియంతోపాటు ఫాస్ఫరస్‌ను కూడా ఎక్కువగా పీల్చుకునేలా చేస్తుంది. దానికి కాల్షియం మాత్రలు, అధిక విటమిన్ డి తోడైతే రక్తంలో కాల్షియం హద్దు దాటి, రక్తనాళాల గోడల్లో పేరుకునే ప్రమాదం ఉంది. మీరు కాపాడాలనుకున్నది ఆ నాళాలనే కదా. విపరీతమైన దాహం, మలబద్ధకం, వికారం, మగతగా ఉండటం, మాట తడబడటం కనిపిస్తే వెంటనే డాక్టరుగారికి చెప్పండి. ఇప్పుడు వాడుతున్న మాత్రలన్నీ, బలానికని విడిగా కొన్నవాటితో సహా, ఆయనకు ఒకసారి చూపించండి.

ప్రశ్న: నేను కాల్సిట్రియాల్ వాడుతున్నాను. 25 హైడ్రాక్సీ పరీక్ష మళ్లీ చేయించుకుంటే మందు పనిచేస్తున్నదో లేదో తెలుస్తుందా?

జవాబు: తెలియదు. ఈ మందు ఆ అంకెను పెంచదు. కాల్సిట్రియాల్‌నే కొలుద్దామంటే అది రక్తంలో కొన్ని గంటలే నిలుస్తుంది. పీటీహెచ్, కాల్షియం, ఫాస్ఫరస్ మూడింటినీ కలిపి చూడాలి. పీటీహెచ్‌ను ఆరోగ్యవంతుల స్థాయికి దించడం కూడా లక్ష్యం కాదు. మూత్రపిండాల జబ్బులో ఎముక ఆ హార్మోన్‌కు సరిగా స్పందించదు కనుక అది కాస్త ఎక్కువ ఉండటమే అవసరం, మరీ అణిచేస్తే ఎముక తనను తాను మరమ్మతు చేసుకోవడం మందగిస్తుంది.