పెద్దల సమాధులున్న పన్నెండు సెంట్లు ఎవరివి?

ప్రశ్న: మాది ఒంగోలు దగ్గర పల్లె. నేను హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్నాను. మాలో దహనం లేదు, పూడ్చడమే ఆచారం. మా ముత్తాత నాటి తోటలో దక్షిణం పక్కన మా ఇంటిపేరు వాళ్ల సమాధులు ఉన్నాయి. ఏటా సంక్రాంతికి వెళ్లి సున్నం కొట్టి, పసుపు కుంకుమ పెట్టి, పెద్దలకు బట్టలు పెట్టుకుంటాం. 1974లో మా తాత, ఆయన అన్నలిద్దరూ ఆస్తి పంచుకున్నప్పుడు తోట పెద్ద తాత వాటాకు వచ్చింది. కిందటేడు ఆయన మనవడు దాన్ని వెంచర్ వేసే ఒకాయనకు అమ్మేశాడు. కొన్నాయన కంచె వేసి ఈ సంక్రాంతికి మమ్మల్ని లోపలికి రానివ్వలేదు. జేసీబీ పెట్టి చదును చేయిస్తానంటున్నాడు. దేవాదాయ శాఖకు అర్జీ పెట్టి ట్రస్టు ఆస్తిగా ప్రకటింపజేద్దామని మా బాబాయి అంటున్నారు. అసలు మాకు హక్కు ఉందా? వంశవృక్షం చూపించడానికి కాగితాలేమీ లేవు, కొన్ని రాళ్ల మీద పేర్లున్నాయంతే. పంపకాల దస్తావేజు, పాత అడంగల్ (పొలం విస్తీర్ణం, సాగు వివరాలుండే రెవెన్యూ రికార్డు), కిందటేటి అమ్మకం దస్తావేజు నకళ్లు, రాళ్ల ఫోటోలు పంపుతున్నాను.

జవాబు: మీరు పంపిన కాగితాల్లోనే సగం జవాబు ఉంది. 1974 దస్తావేజులో మీ పెద్ద తాత గారి షెడ్యూలు (ఆయన వాటాకు వచ్చిన ఆస్తి జాబితా) మళ్లీ ఒకసారి చదవండి. తోట విస్తీర్ణం 2 ఎకరాల 34 సెంట్లు అని రాశారు. చెక్కుబందీలో (నాలుగు వైపుల హద్దుల వివరంలో) దక్షిణం హద్దు "మన పెద్దల సమాధులు" అని ఉంది. అదే సర్వే నంబరుకు పాత అడంగల్‌లో విస్తీర్ణం 2 ఎకరాల 46 సెంట్లు. తేడా పన్నెండు సెంట్లు. ఆ పన్నెండు సెంట్లు మిగతా ఇద్దరి షెడ్యూళ్లలోనూ లేవు. అంటే ఆ రోజు ముగ్గురన్నదమ్ములూ సమాధుల చోటును ఎవరి వాటాకూ వేయకుండా ఉమ్మడిగా వదిలేశారని చెప్పడానికి గట్టి ఆధారం దొరికింది. ఒక భూమికి హద్దుగా చూపించిన చోటు ఆ భూమిలో భాగం కాదు. విస్తీర్ణానికీ హద్దులకూ పొంతన కుదరనప్పుడు కోర్టులు సాధారణంగా హద్దులకే విలువిస్తాయి. మీ కేసులో ఆ రెండూ ఒకే మాట చెబుతున్నాయి.

కిందటేటి అమ్మకం దస్తావేజులో మాత్రం మొత్తం 2.46 రాసేశారు, సమాధుల ఊసే లేదు. తనకు లేనిది అమ్మే హక్కు ఎవరికీ ఉండదు. ఉమ్మడి ఆస్తిలో ఒక వాటాదారు అమ్మితే, ఆస్తి బదిలీ చట్టం 44వ సెక్షన్ ప్రకారం కొన్నవాడికి వచ్చేది అమ్మినవాడి వాటా వరకే. కాబట్టి ఆ పన్నెండు సెంట్లలో కొన్నాయన మహా అయితే మీతో పాటు ఒక వాటాదారు. ఉమ్మడి చోటును ఒక్కడే చదును చేయడానికి వీల్లేదు. ఒక్క సంగతి మాత్రం ముందే తెలుసుకోండి. వాటాదారుగా పంపకం అడిగే హక్కు ఆయనకూ వస్తుంది. అడిగితే, చోటు కుటుంబానికి ఉంచి ఆయన వాటా డబ్బు రూపంలో సర్దమని కోర్టును కోరవచ్చు.

బాబాయి గారి ఆలోచన మాత్రం మానుకోండి. 1953లో సరస్వతి అమ్మాళ్ వర్సెస్ రాజగోపాల్ అమ్మాళ్ కేసులో సుప్రీంకోర్టు ఈ విషయం తేల్చేసింది. భర్త సమాధి దగ్గర నిత్యపూజకూ గురుపూజకూ అని ఆస్తిని శాశ్వతంగా రాసి ఇచ్చిన కేసు అది, మద్రాసు నుంచి వెళ్లింది. సొంత మనిషి సమాధికి పూజ చేయడం హిందూ ధర్మశాస్త్రం గుర్తించిన మతపరమైన దానం కిందికి రాదని, ఆ ఏర్పాటు చెల్లదని తీర్పు ఇచ్చారు. జనమంతా కొలిచే సాధువు సమాధి సంగతి వేరు. మీ తాతముత్తాతలు మీకు దేవుళ్లే కావచ్చు, అయినా ఆ చోటు ఎండోమెంట్ (దేవాదాయ, ధర్మాదాయ ఆస్తి) కాదు. ఆ వాదన ఎత్తుకుంటే ఓడిపోవడమే కాకుండా, ‘ఇది మా ఉమ్మడి ఆస్తి’ అన్న మీ అసలు మాటకు మీరే అడ్డం పడినట్టవుతుంది.

పన్నెండు సెంట్ల తేడా పొరపాటని కొన్నాయన వాదించవచ్చు. అందుకే రెండో వాదన కూడా సిద్ధంగా ఉంచుకోవాలి. అది దారి హక్కు, ఆచారంగా వస్తున్న హక్కు. ఈజ్‌మెంట్స్ చట్టం 15వ సెక్షన్ ప్రకారం ఇరవై ఏళ్లు బాహాటంగా, హక్కుగా, ఆటంకం లేకుండా వాడుకున్న దారి హక్కుగా స్థిరపడుతుంది. కాకపోతే ఆ హక్కు మీ సొంత భూమికి అనుబంధంగా ఉండాలి. పన్నెండు సెంట్లు మీ ఉమ్మడివని తేలితే దారి దానికే అనుబంధం అవుతుంది. అది తేలకపోతే మీ ఇతర పొలం ఆ పక్కనే ఉందా అని చూడాలి. లేదంటే ఆచారం మీదే ఆధారపడాలి, అది నిరూపించడం కష్టం. ఇక్కడ రెండు గడువులు గుర్తుపెట్టుకోండి. ఆ ఇరవై ఏళ్లు దావా వేసే నాటికి ముందు రెండేళ్ల లోపల ముగిసి ఉండాలి. అడ్డంకి పెట్టారని తెలిశాక ఏడాది పాటు ఊరుకుంటే దాన్ని మీరు ఒప్పుకున్నట్టే లెక్క. కంచె సంగతి మీకు తెలిసిన రోజు నుంచే ఆ ఏడాది నడుస్తోంది. ‘వచ్చే సంక్రాంతికి చూద్దాం’ అనుకోకండి.

ఇప్పుడు వంశవృక్షం. కాగితాలు లేవని మీరు టెన్షన్ పడుతున్నారు కానీ, మీ దగ్గరున్న రాళ్లు చిన్న సాక్ష్యం కాదు. పాత సాక్ష్య చట్టం 32వ సెక్షన్‌లో ఉండి, ఇప్పుడు భారతీయ సాక్ష్య అధినియమం 26వ సెక్షన్‌లోకి వచ్చిన నిబంధన ఒకటుంది. చనిపోయినవాళ్ల మధ్య బంధుత్వం గురించి వీలునామాలో, కుటుంబ దస్తావేజులో, వంశవృక్షంలో, సమాధి రాయి మీద రాసిన మాటను సాక్ష్యంగా తీసుకోవచ్చని అందులో ఉంది. సమాధి రాయిని చట్టమే పేరు పెట్టి చెప్పింది. షరతు ఒక్కటే, ఆ మాట తగాదా పుట్టకముందు రాసినదై ఉండాలి. కాబట్టి ఇప్పుడు హడావిడిగా కొత్త గ్రానైట్ పలకలు చెక్కించి పెట్టకండి. వాటికి విలువ ఉండకపోగా, పాత రాళ్ల మీద కూడా అనుమానం తెచ్చిపెడతాయి. ఈ గొడవ తేలేదాకా అక్షరాల మీద సున్నం కూడా వేయకండి.

మీరు పంపిన మూడో ఫోటోలో "రుధిరోద్గారి నామ సంవత్సర మాఘ శుద్ధ పంచమి" అని చదవగలిగాను, కింద తండ్రి పేరు కూడా ఉంది. రుధిరోద్గారి అరవై ఏళ్లకోసారి వస్తుంది. అది 1863-64 కావచ్చు, 1923-24 కావచ్చు, 1983-84 కావచ్చు. రాయి ఒక్కటే చూసి ఏదని తేల్చలేం. కానీ మీ 1974 దస్తావేజు మొదటి పేజీలోనే మీ తాతలు తమ తండ్రి 1931లో కొన్న పొలం గురించి చెబుతూ ఆ దస్తావేజు నంబరు ఇచ్చారు. దాని నకలు తీయించండి. అందులో ఆ పొలం కొన్న మీ ముత్తాత తండ్రి పేరు ముందు ‘కీర్తిశేషులు’ అని ఉండి, ఆ పేరే రాయి మీద ఉంటే 1983 పోతుంది. 1864కీ 1924కీ మధ్య తేల్చడానికి కొడుకుల వయసులు లెక్కవేస్తే చాలు. మాఘమాసం కాబట్టి 1924 అయితే ఫిబ్రవరి అవుతుంది. ఇలా ఒక్కో రాయినీ ఒక్కో దస్తావేజుతో కలుపుకుంటూ పోతే నాలుగు తరాలు నిలబడతాయి. మన దస్తావేజుల్లో ‘ఫలానా వారి కుమారుడు ఫలానా’ అని రాసే అలవాటు ఇలాంటప్పుడే అక్కరకొస్తుంది.

రాళ్లను కోర్టుకు మోసుకెళ్లక్కర్లేదు. కదిలించడానికి వీల్లేని వాటి విషయంలో ఫోటో లాంటి ద్వితీయ సాక్ష్యాన్ని చట్టం ఒప్పుకుంటుంది. పొద్దున ఏటవాలు ఎండలో తీయండి, అక్షరాలు లేచి కనిపిస్తాయి. మట్టి ఉంటే నీళ్లతో కడగండి చాలు, చాక్‌పీస్‌తో దిద్దవద్దు, గీకవద్దు. కంచె బయటి నుంచే తీయాల్సి వస్తే అలాగే తీయండి, గొడవపడి లోపలికి వెళ్లకండి. ఫోన్‌లోని అసలు ఫైలు చెరిపేయకండి, దానికి సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద ధ్రువపత్రం జత చేయాల్సి ఉంటుంది.

నోటిమాట సాక్ష్యం కూడా పనికొస్తుంది. బంధుత్వం గురించి ప్రత్యేకంగా తెలిసే అవకాశమున్న మనిషి, కుటుంబ సభ్యుడైనా కాకపోయినా, తన నడతలో చూపిన నమ్మకాన్ని కోర్టు పరిగణించవచ్చు (సాక్ష్య అధినియమం 44వ సెక్షన్). ఊళ్లో ఇంకా మిగిలిన మీ జేజి వయసు వాళ్లెవరు? మీ ఇంటిపేరు గోత్రాలు చెప్పే వంశరాజులు ఎప్పుడైనా వచ్చేవారా? గయలో పిండం పెట్టిన పెద్దవాళ్లుంటే పండాల (అక్కడి పురోహితుల) పుస్తకాల్లో పేర్లు రాయించి ఉంటారు, అదీ అడగండి. ఎమ్మార్వో ఆఫీసు ఇచ్చే ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ మాత్రం దగ్గరి తరాల వరకే ఉపయోగం.

వంశవృక్షం గీసేటప్పుడు ఆడపిల్లల్ని వదిలేయకండి. మన దగ్గర ఎంతోమంది కుటుంబ చరిత్ర రాస్తూ కూతుళ్ల పేర్ల దగ్గర గీత ఆపేస్తారు. అది నాకు బాధగా అనిపించే విషయం, పైగా చట్టరీత్యా నష్టం. మీ పెద్ద తాత 1974 తర్వాత, వీలునామా రాయకుండా పోయి ఉంటే, ఆయన వాటాలో కొడుకులతో పాటు కూతుళ్లకూ భాగం ఉంది. అంటే అమ్మిన మనవడికి ఆ పన్నెండు సెంట్లలో ఉన్నది చాలా చిన్న ముక్క. మీ మేనత్తల పిల్లలు మీ పక్కన వాదులుగా నిలబడితే కేసు బలం వేరు.

రెవెన్యూ రికార్డులో ఆర్‌ఎస్‌ఆర్ (సర్వే నంబర్ల వారీ భూమి రిజిస్టరు), ఎఫ్‌ఎంబీ (పొలం కొలతల పటాల పుస్తకం) నకళ్లకు అర్జీ పెట్టండి. ఎఫ్‌ఎంబీ పటంలో సమాధుల గుర్తు గానీ విడి కొలతలు గానీ ఉంటే మీ అదృష్టం. 1970లో ఇప్పటి ప్రకాశం జిల్లా ఏర్పడకముందు ఒంగోలు గుంటూరు జిల్లాలో ఉండేది కాబట్టి, ఒంగోలులో పాత పుస్తకం లేదంటే గుంటూరులో అడగండి. మీ ఊళ్లో రీసర్వే అయిందా? అయితే పాత సర్వే నంబరు పోయి ఎల్‌పీఎం (ల్యాండ్ పార్సిల్ మ్యాప్) నంబరు వచ్చి ఉంటుంది, అందులో మొత్తం 2.46 కొన్నాయన పేరున కలిపేశారేమో చూడండి. కలిపేస్తే సర్వే హద్దుల చట్టం కింద తుది నోటిఫికేషన్ నుంచి మూడేళ్ల లోపల సివిల్ కోర్టుకు వెళ్లాలి.

ఇవన్నీ సేకరించేదాకా ఆగకండి. ముందు లాయర్ నోటీసు ఇప్పించండి. దానికి ఇంకో ప్రయోజనం కూడా ఉంది. భారతీయ న్యాయ సంహిత 301వ సెక్షన్ (పాత ఐపీసీ 297) ప్రకారం, ఇతరుల మనసు నొచ్చుకుంటుందని తెలిసీ సమాధుల చోట అతిక్రమణకు పాల్పడితే ఏడాది దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. ‘అవి సమాధులని నాకు తెలియదు’ అని నోటీసు అందుకున్నవాడు అనలేడు. పోలీసులు ‘సివిల్ తగాదా, కోర్టుకు పోండి’ అనవచ్చు. అయినా ఫిర్యాదు రాతపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకోండి. లేఅవుట్ అనుమతి ఇచ్చే ఆఫీసుకూ పంచాయతీకీ అభ్యంతరం రాసి ఇవ్వండి.

తర్వాత ఉమ్మడి హక్కు ప్రకటించాలనీ, శాశ్వత ఇంజంక్షన్ (చదును చేయకుండా ఆపే కోర్టు ఉత్తర్వు) ఇవ్వాలనీ దావా వేయండి. దాంతో పాటే మధ్యంతర ఇంజంక్షన్‌కూ, అడ్వకేట్ కమిషనర్‌ను (చోటు చూసి రిపోర్టు ఇవ్వడానికి కోర్టు నియమించే లాయర్‌ను) పంపమనీ దరఖాస్తులు పెట్టండి. కమిషనర్ వచ్చి సర్వేయర్ సాయంతో కొలిచి, రాళ్లు లెక్కపెట్టి, ఫోటోలతో రిపోర్టు ఇస్తే, ఆ తర్వాత జేసీబీ వచ్చినా ఆ చోట ఏమున్నదో ఎవరూ కాదనలేరు. మీ విషయంలో అన్నిటికంటే తొందరగా జరగాల్సింది ఇదే.

రాజీకి వస్తే కాదనకండి. వెంచర్ మధ్యలో కోర్టు కేసు ఉండటం కొన్నాయనకూ ఇష్టం ఉండదు. పన్నెండు సెంట్లు, దానికి రోడ్డు నుంచి దారి వదిలేస్తానంటే ఒప్పుకోవచ్చు. కానీ పెద్దమనుషుల ముందు మాటగానో, స్టాంపు పేపరు మీద సంతకంగానో ఒప్పుకోవద్దు. హక్కు విడుదల దస్తావేజు రిజిస్టర్ కావాలి. పటం జత చేసి కొలతలు, దారి వెడల్పు అందులో రాయాలి. లేఅవుట్ ప్లాన్‌లోనూ ఆ చోటును విడిగా చూపించాలి. మీ ముగ్గురు తాతల సంతతిలో, ఆడపిల్లల పిల్లలతో సహా, వాటా ఉన్న ప్రతి ఒక్కరి పేరూ ఆ దస్తావేజులో ఉండేలా చూసుకోండి.