మన్యం దారి పట్టే ముందు మేనల్లుడికి

విశాఖపట్నం

చిరంజీవి అల్లుడికి మావయ్య ఆశీస్సులు.

డిసెంబరులో నువ్వూ మీ నేస్తమూ ఒకే బండి మీద అరకు, పాడేరు, లంబసింగి చుట్టి, మూడు రాత్రులు టెంటులో పడుకుని రావాలనుకుంటున్నారని అమ్మ చెప్పింది. తప్పకుండా వెళ్ళండి. మన ఊరికి ఇంత దగ్గర్లో అంత మన్యం పెట్టుకుని దాన్ని కారు అద్దంలోంచి చూసి వచ్చేయడం నాకు నచ్చదు. ఒక్క మాట మాత్రం ముందే గట్టిగా చెబుతాను. సాయంత్రం నాలుగింటికల్లా ఆ రాత్రి పడుకునే చోట ఉండాలి. డిసెంబరులో మనకు ఐదున్నర లోపే పొద్దు గుంకుతుంది, కొండల నడుమ వెలుగు ఇంకా ముందే పోతుంది. మంచులో ఘాట్ దిగడం, ఎవరి పొలమో తెలీకుండా టెంటు వేయడం, నేల ఎలా ఉందో చూసుకోకుండా పడుకోవడం, ఇవన్నీ చీకటిపడ్డాక చేరినవాళ్ళు చేసే పనులే.

దారి సంగతి. పెందుర్తి, కొత్తవలస, శృంగవరపుకోట మీదుగా అరకు సుమారు 115 కిలోమీటర్లు. కోట దాటిన కాసేపటికే ఘాట్ మొదలవుతుంది. తెల్లవారుజామున ఐదున్నరకి బయల్దేరితే కోటలో టిఫిన్ చేసి, ఎండ కాస్త తగిలాక ఘాట్ ఎక్కొచ్చు. తొలిరోజే బొర్రా గుహలు, కటికి జలపాతం, గాలికొండ, కాఫీ తోటలు అన్నీ పెట్టుకోకండి. బొర్రా ఒక్కటి చాలు. రెండో రోజు డుంబ్రిగుడ, చాపరాయి, హుకుంపేట మీదుగా పాడేరు, 45 కిలోమీటర్ల చిల్లర. ఆ రాత్రి పాడేరు దగ్గరే ఉంటే మర్నాడు చీకటితో లేచి వంజంగి కొండెక్కి మేఘాలు చూడొచ్చు. అక్కడ చివర్లో రాళ్ళ దారిలో నడకే, కాబట్టి తలా ఒక తలకి కట్టుకునే టార్చి, అడుగున పట్టున్న బూట్లు ఉండాలి. మూడో రోజు జి.మాడుగుల, చింతపల్లి మీదుగా లంబసింగి. నాలుగో రోజు నర్సీపట్నం దిగి, తాళ్ళపాలెం దగ్గర హైవే ఎక్కి, అనకాపల్లి మీదుగా ఇల్లు. ఒళ్ళు బాగా అలిసిన రోజున సగం దూరం చదునైన రోడ్డు దొరుకుతుందనే ఈ వరస చెబుతున్నాను. శని, ఆదివారాల్లో ఆ ఘాట్ మీద మన ఊరి కార్లన్నీ ఉంటాయి. మంగళవారం బయల్దేరండి.

బండి గేర్ల బండే అయ్యుండాలి. స్కూటర్ మీద వెళ్ళేవాళ్ళు ఉన్నారు, కానీ ఇద్దరు మనుషులూ సామానూ వేసుకుని ఘాట్ దిగేటప్పుడు స్కూటర్‌లో ఇంజను పట్టు చాలదు, భారమంతా బ్రేకుల మీదే పడుతుంది. అదేపనిగా నొక్కిపట్టిన బ్రేకు వేడెక్కుతుంది, డిస్కు బ్రేకైతే అందులో ఆయిల్ మరిగి బుడగలు కడుతుంది. అప్పుడు లివర్ మెత్తగా లోపలికి పోతుంది గానీ బండి ఆగదు. అందుకే ఏ గేరులో ఎక్కారో అదే గేరులో దిగండి, నిట్టనిలువు మలుపుల్లో రెండో గేరు. బ్రేకు నొక్కడం, వదలడం, మళ్ళీ నొక్కడం. ఇంజను ఆపేసి న్యూట్రల్‌లో దిగి పెట్రోలు మిగిల్చుకోవాలనే ఆలోచన మీ ఇద్దరిలో ఎవరికీ రాకూడదు. లివర్ మెత్తబడినట్టు అనిపిస్తే పక్కకి ఆపి ఓ అరగంట చల్లారనివ్వండి. వేడి డిస్కు మీద నీళ్ళు పొయ్యకండి, అది వంకరపోతుంది.

వారం ముందే మెకానిక్ దగ్గర బ్రేకు షూలు, ప్యాడ్లు, చైను, స్పోకులు చూపించు. టైర్లలో గాలి ఇద్దరు కూర్చున్నప్పుడు ఎంత ఉండాలో చైను కవరు మీద స్టిక్కరులో రాసి ఉంటుంది. దాని ప్రకారం పట్టించు, వెనక టైరుకి ముఖ్యంగా. కొత్త క్లచ్ కేబులు ఒకటి కొని, పాతదాని పక్కనే టేపుతో అంటించి ఉంచు. దారిలో తెగితే రెండు కొసలు మార్చుకుంటే సరిపోతుంది, ట్యాంకు విప్పే పని ఉండదు. ట్యూబు టైరైతే ఒక ట్యూబు, ట్యూబ్‌లెస్ అయితే పంక్చర్ కిట్టు, చిన్న పంపు, ప్లగ్గు, ఫ్యూజులు, చైను లాకు, స్పానర్లు తీసుకెళ్ళు. పెట్రోలు సగం ట్యాంకుకి వచ్చిందంటే, కనబడిన బంకులో పోయించడమే. "ముందు ఇంకోటి ఉంటుందిలే" అనేది విశాఖలో పనికొచ్చే మాట, ఏజెన్సీలో కాదు.

ఘాట్‌లో ఎక్కే బండికి దిగే బండి దారివ్వాలి. ఆర్టీసీ బస్సు మలుపు తిరుగుతుంటే దాని లోపలి పక్కనుంచి దూరకండి, వెనక చక్రాలు అటే కోసుకుంటూ వస్తాయి. మంచులో హైబీమ్ వేస్తే తెల్లటి గోడే కనిపిస్తుంది, లోబీమ్‌లో ఎడమ అంచు చూసుకుంటూ పోవాలి. పంట నూర్పుల రోజుల్లో చోళ్ళు (రాగులు), ధాన్యం రోడ్డు మీదే ఆరబోస్తారు. వాటి మీద బ్రేకు వేస్తే బండి జారిపోతుంది, ముందే వేగం తగ్గించి నిటారుగా దాటండి. అరకు, పాడేరు, లంబసింగి మీదుగా రాజమహేంద్రవరం వైపు పోయే 516ఇ జాతీయ రహదారి మీద పనులు నడుస్తున్న చోట కంకరా, బురదా తగలొచ్చు. అక్కడా ఇదే పద్ధతి.

సామాను తలా పది కిలోలు దాటకూడదు. నీళ్ళు, వంట సామాను లాంటి బరువైనవి బండికి రెండు వైపులా వేలాడే సంచుల్లో, వీలైనంత ముందుకీ కిందకీ ఉండాలి. బరువంతా వెనక క్యారియర్ కొసన కడితే ఎత్తులో ముందు చక్రం తేలిపోయి హ్యాండిల్ ఊగుతుంది. టెంటు, పరుపు తేలిక కాబట్టి అవి వెనకాల అడ్డంగా కట్టుకోవచ్చు. వెనక కూర్చున్నవాడు బ్యాగు తగిలించుకుంటే దాని అడుగు సీటు మీద ఆనేట్టు పట్టీలు వదులు చేసుకోవాలి, లేకపోతే రెండో రోజుకే భుజాలు పట్టేస్తాయి. బ్యాగుకి పైన రెయిన్ కవరు ఉన్నా లోపల ఒక పెద్ద ప్లాస్టిక్ సంచి వేసి, బట్టలూ దుప్పట్లూ అందులో పెట్టి మెలేసి కట్టు. రెయిన్ కవరు వీపు వైపు నీటిని ఆపదు.

ఇప్పుడు టెంటు. వెళ్ళేముందు మీ మేడ మీద ఇద్దరూ కలిసి రెండుసార్లు వేసి విప్పండి, రెండోసారి చీకట్లో. ఎక్కడ వేయాలన్నది ఎలా వేయాలన్నదానికంటే పెద్ద సంగతి. రాత్రి చల్లగాలి బరువెక్కి లోయ అడుక్కి జారుతుంది, గెడ్డ (కొండవాగు) ఒడ్డున మంచూ చలీ రెండూ ఎక్కువ. గెడ్డకి ఓ 60 మీటర్లు ఎడంగా, కాస్త మెరకలో వేసుకుంటే తేడా మీకే తెలుస్తుంది. పైన ఎండుకొమ్మలున్న చెట్టు కింద వద్దు. చీమల పుట్టలూ, పశువులు నడిచే బాటా చూసుకోండి. నేల మీద రాళ్ళు ఏరేసి పట్టా పరవండి. ఆ పట్టా టెంటు అంచుల్ని దాటి బయటికి రాకూడదు, వస్తే పైన పడ్డ మంచునీరంతా దాని మీదుగా మీ వీపు కిందికే చేరుతుంది. తలుపు గాలికి ఎదురుగా కాకుండా చూసుకుని, మేకుల పైకొస టెంటుకి దూరంగా వాలేట్టు ఏటవాలుగా దిగ్గొట్టండి. నేల గట్టిదైతే తాడుని పెద్ద రాయికి చుట్టి దాని మీద ఇంకో రాయి పెట్టండి. చలికి భయపడి కిటికీలన్నీ మూసేస్తే మీ ఊపిరి తేమే లోపల నీళ్ళయి కారుతుంది. పై వెంటిలేటరు తెరిచే ఉంచాలి.

చలి పైనుంచి వస్తుందనుకుంటారు గానీ ఎక్కువ కింద నుంచే వస్తుంది. లంబసింగిలో డిసెంబరు, జనవరి తెల్లవారుజామున ఉష్ణోగ్రత పది డిగ్రీల లోపుకి పడిపోతుంటుంది, కొన్నేళ్ళు బాగా కిందికి పోతుంది. ఖరీదైన స్లీపింగ్ బ్యాగు కొని కింద పలచటి చాప వేసుకుంటే లాభం లేదు. ముందు మందపాటి ఫోమ్ మ్యాటు కొను, ఆ తర్వాత 5 డిగ్రీల దాకా పనికొచ్చే స్లీపింగ్ బ్యాగు. దాని లోపల అమ్మ పాత నేతచీర దుప్పటిలా మడిచి కుట్టి పెట్టుకుంటే ఇంకా వెచ్చన. పడుకునే మేజోళ్ళు వేరే ఉంచుకో, పగలు చెమట పట్టినవి రాత్రికి వద్దు. ఎంత చలైనా టెంటు లోపల బొగ్గుల కుంపటి గానీ స్టవ్ గానీ వెలిగించకండి. ఆ పొగలో ఉండే కార్బన్ మోనాక్సైడుకి వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం పోతుంది. ఈ ఒక్క విషయంలో మీ నేస్తం చేత కూడా మాట తీసుకో.

వంటకి చిన్న బ్యుటేన్ స్టవ్ చాలు. లీటరు నీళ్ళు మరగడానికి 15, 20 గ్రాముల గ్యాసు ఖర్చవుతుంది. 230 గ్రాముల డబ్బా రెండు రోజుల టీకీ, ఒంటిపూట వంటకీ వస్తుంది, రెండు తీసుకెళ్ళండి. బ్యుటేన్ సున్నా డిగ్రీల దగ్గర ఆవిరవ్వదు, అందుకని చల్లటి పొద్దున్న మంట నీరసంగా వస్తుంది. డబ్బాని రాత్రి బట్టల మధ్య పెట్టి, పొద్దున్న కాసేపు చేతుల మధ్య వెచ్చబెడితే సరిపోతుంది. నిప్పు మీద మాత్రం పెట్టకండి. ఇంటి దగ్గరే రవ్వ వేయించి, పోపు కలిపి, 150 గ్రాముల పొట్లాలు కట్టించుకో. ఒక పొట్లం ఇద్దరికి సరిపోయే ఉప్మా, గ్లాసు రవ్వకి మూడు గ్లాసుల నీళ్ళు. అటుకులు, పులిహోర ముద్ద, కందిపొడి, బెల్లం, వేరుశనగలు ఉంటే ఇంకేం అక్కర్లేదు. మధ్యాహ్నం భోజనం ఊళ్ళో హోటల్లోనే తినండి, బొంగు చికెన్ ఎలాగూ వదలరు. ముందే చేసి పెట్టింది కాకుండా, మీ ముందు నిప్పుల మీంచి తీసింది అడిగి తినండి.

నీళ్ళు మనిషికి రోజుకి మూడు లీటర్లు. గెడ్డ నీరు ఎంత తేటగా ఉన్నా పైన ఊరూ పశువులూ ఉంటాయి, మరగకాచి తాగండి, లేదా క్లోరిన్ బిళ్ళ వేసి అరగంట ఆగండి. దొడ్డికి వెళ్ళాలంటే నీటికి ఓ 60 మీటర్లు ఎడంగా జానెడు లోతు గొయ్యి తవ్వి మట్టి కప్పండి. ఆ నీళ్ళు కింది ఊరివాళ్ళు తాగుతారు.

అక్కడ ఖాళీగా కనిపించే నేలంతా ఖాళీ కాదు. పసుపు పచ్చగా పూసిన వలిసె (నూనెగింజల పంట) పొలం ఒక ఇంటి నూనె, దాని మీదే వాళ్ళ డబ్బులు. అడక్కుండా దిగొద్దు. ఫొటోకి పదో ఇరవయ్యో అడిగితే బేరమాడకుండా ఇవ్వండి. కాఫీ పళ్ళు కోసే రోజులవి, తోటల్లో టెంటు వేయకండి. రిజర్వు అడవిలో అటవీ శాఖ అనుమతి లేకుండా అసలే కూడదు. టెంటు వేసుకోనిచ్చే చోట్లు అరకు, లంబసింగి చుట్టూ ఉన్నాయి, లేదంటే ఊళ్ళో పెద్దని అడిగి ఆయన చూపించిన చోటే వేసుకోండి. అలా అడిగితే రాత్రికి మీకో కాపలా కూడా దొరికినట్టే. ఎండుటాకుల మీద నెగళ్ళు వద్దు. ఇళ్ళ ముందు మనుషుల్ని, ముఖ్యంగా ఆడవాళ్ళని, అడక్కుండా ఫొటో తీయొద్దు.

చెక్‌పోస్టుల్లో పోలీసులు గంజాయి కోసం సంచులు విప్పించి చూస్తారు. విసుక్కోకుండా చూపించండి. లైసెన్సు, ఆర్‌సీ, ఇన్సూరెన్సు, ఆధార్ పైన అందేలా ఉంచుకో. "ఈ సంచీ నర్సీపట్నంలో ఇచ్చేయండి" అని ఎవరు ఎంత బతిమాలినా తీసుకోకండి, తెలియని మనిషిని బండెక్కించుకోకండి.

చాపరాయిలో రాతి మీద నీళ్ళు పలచగా పారుతున్నాయని పరుగెత్తొద్దు, పాచి ఉన్నచోట కాలు నిలవదు. ఏ జలపాతం దగ్గరైనా తేటనీరు ఉన్నట్టుండి మట్టిరంగుకి మారినా, ఆకులూ పుల్లలూ కొట్టుకొస్తున్నా, పైన వాన పడిందని అర్థం. సామాను వదిలేసి బేగి గట్టెక్కండి.

పాము కరిస్తే కట్టుకట్టి బిగించడం, కోయడం వద్దు. కాలు కదపనివ్వకుండా దగ్గర్లోని ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకెళ్ళాలి, 108కి ఫోను చేయాలి. సిగ్నలు లేని చోట్లు చాలా ఉంటాయి, మ్యాపు ముందే డౌన్‌లోడ్ చేసుకో, ఏ రాత్రి ఎక్కడ పడుకుంటారో కాగితం మీద రాసి అమ్మకిచ్చి వెళ్ళు.

మీ నేస్తంతో బయల్దేరకముందే మూడు సంగతులు తేల్చుకో: డబ్బు ఒకే సంచీలో వేసి అందులోంచే ఖర్చు పెట్టడం, గంటకోసారి బండి నడిపేవాడు మారడం, ఇద్దరిలో ఎవరు "ఇక చాలు, ఆగుదాం" అన్నా రెండోవాడు వాదించకుండా ఆగడం. మూడోది అన్నిటికంటే ముఖ్యం. నిద్ర ముంచుకొస్తున్నవాడికి తాను తూగుతున్న సంగతి తెలీదు, వెనకున్నవాడికి తెలుస్తుంది.

ఏజెన్సీలో మలేరియా ఉంది. సాయంత్రం నుంచి నిండు చేతుల చొక్కా, ఓడోమాస్, టెంటు వల జిప్పు ఎప్పుడూ మూసి ఉంచడం తప్పనిసరి. బట్టలు పొదల మీద ఆరేయకండి, పొదల్లో ఉండే నల్లిని పోలిన చిన్న పురుగు కుడితే స్క్రబ్ టైఫస్ అనే జ్వరం రావచ్చు, కుట్టినచోట నల్లటి పక్కు కట్టొచ్చు. వచ్చాక టెంటుని ఒక పూట ఎండలో ఆరబెట్టి మడిచిపెట్టు, తడిగా పెడితే బూజు పట్టి గుడ్డ పాడవుతుంది. ఆ తర్వాత నెల రోజుల లోపు మీ ఇద్దరిలో ఎవరికి జ్వరం వచ్చినా మందుల షాపు బిళ్ళలతో సరిపెట్టకండి. అదే రోజు రక్తపరీక్ష చేయించుకుని, మన్యంలో టెంటులో పడుకుని వచ్చామని డాక్టరుకి ముందే చెప్పండి.

మీ మావయ్య