మోకాలి నొప్పికి కొత్త సూది: ట్రయల్‌లో చేరవచ్చా?

ప్రశ్న: అమ్మకు 58 ఏళ్లు. రెండు మోకాళ్లూ అరిగాయన్నారు. ఆపరేషన్ అంటే ససేమిరా అంటోంది. విశాఖలో ఒక ఆసుపత్రి వాళ్లు కొత్త ఇంజెక్షన్ ట్రయల్‌లో చేరమంటున్నారు, ఖర్చేమీ ఉండదట. షుగర్ ఉంది, రోజూ నొప్పి బిళ్ల వేసుకుంటుంది. చేర్చమంటారా? (పర్లాకిమిడి పాఠకురాలు)

జవాబు: చేర్చవచ్చు. కానీ మందు పనిచేస్తుందని తేలాక ఇచ్చే వైద్యం కాదిది, పనిచేస్తుందో లేదో తేల్చే పరీక్ష. ఈ మాట అమ్మకు ముందే తెలియాలి. ఇలాంటి ట్రయల్స్‌లో చాలావరకు కొందరికి అసలు మందు, కొందరికి ఉత్త సెలైన్ (ఉప్పునీరు) సూదిగా వేస్తారు. ఎవరికి ఏది పడిందో సాధారణంగా డాక్టరుగారికి కూడా తెలియనివ్వరు. మోకాలి విషయంలో ఇది తప్పనిసరి, ఎందుకంటే సెలైన్ పడినవాళ్లకూ నొప్పి బాగానే తగ్గుతుంది. సొంత రక్తం నుంచి తీసే పీఆర్‌పీ సూదిని ఆస్ట్రేలియాలో 288 మందిపై సెలైన్‌తో పోల్చి చూశారు. 2021లో వచ్చిన ఆ ఫలితాల్లో, ఏడాది గడిచాక రెండు వర్గాల నొప్పిలో చెప్పుకోదగ్గ తేడా లేదు. అదే సూదికి మన ఊళ్లలో జనం డబ్బు పోస్తూనే ఉన్నారు. అందుకే ఇలాంటి పరీక్షలు జరగాలనే మేం కోరుకుంటాం.

ముందుగా సీటీఆర్ఐ (క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ - ఇండియా) నంబరు అడగండి. మందుల ట్రయల్స్‌ను ఆ జాతీయ రిజిస్ట్రీలో నమోదు చేయడం 2009 జూన్ 15 నుంచి తప్పనిసరి. వెబ్‌సైట్‌లో ఆ నంబరు కొట్టి, మీకు చెప్పిన ఆసుపత్రి పేరు అందులో ఉందో లేదో చూడండి. నంబరు చెప్పడానికి నసిగితే అక్కడితో ఆగిపోండి.

తర్వాత అర్హత. నిలబెట్టి తీసిన ఎక్స్‌రేలో అరుగుదలను 0 నుంచి 4 వరకు గ్రేడు వేస్తారు. ఎక్కువగా 2, 3 గ్రేడుల వాళ్లనే తీసుకుంటారు. ఎముకకు ఎముక తగిలే 4వ గ్రేడుకు సూదితో పెద్దగా ఫలితం ఉండదని వదిలేస్తారు. గత కొన్ని నెలల్లో మోకాల్లో స్టెరాయిడ్ గానీ, కీలులో గుజ్జు కోసం వేసే సూది గానీ వేయించుకుని ఉంటే సాధారణంగా కుదరదు. పాత చీటీలన్నీ పట్టుకెళ్లండి. షుగర్ ఉందని తప్పక చెప్పండి. పోల్చి చూసే మందు స్టెరాయిడ్ అయితే కొన్ని రోజులు షుగర్ పెరుగుతుంది.

ఎక్కువగా తేడా వచ్చేది నొప్పి బిళ్లల దగ్గరే. డైక్లోఫెనాక్ లాంటివి ముందే ఆపమంటారు, మరీ తట్టుకోలేకపోతే పారాసెటమాల్ వేసుకోనిస్తారు. రైల్లో కాళ్లు పీకుతున్నాయని పొద్దున్నే ఒక బిళ్ల మింగి వెళ్తే ఆ రోజు నొప్పి తక్కువగా నమోదవుతుంది, లెక్క పాడవుతుంది. వేసుకున్నా సరే, దాచకుండా చెప్పమనండి. చాలా చోట్ల వోమాక్ అని 24 ప్రశ్నలు అడుగుతారు: మెట్లు దిగేటప్పుడు ఎంత నొప్పి, కుర్చీలోంచి లేవడం ఎంత కష్టం, ఇలా. వాటికి అమ్మే జవాబు చెప్పాలి, పక్కనుంచి మీరు అందించకూడదు.

రావలసిన తేదీకి కొద్ది రోజులే అటూ ఇటూ ఒప్పుకుంటారు. నాట్లు, కోతల రోజుల్లో విశాఖ వెళ్లిరాగలరా అన్నది సంతకానికి ముందే చూసుకోండి. దారి ఖర్చు తోడు వచ్చేవారికీ ఇస్తారేమో అడగండి. సూది పడ్డాక మోకాలు వేడెక్కి వాచినా, జ్వరం వచ్చినా, కాలు కింద మోపలేకపోయినా కీలులో చీము పట్టి ఉండవచ్చు. వచ్చే విజిట్ దాకా ఆగకుండా ఆ రోజే ఫోన్ చేయండి. ఊళ్లో ఎవరి చేతా కీలులో ఇంకో సూది వేయించవద్దు.

ప్రశ్న: ఇంట్లో మాట్లాడేది తెలుగే గానీ చదువుకున్నది ఒడియా. ట్రయల్‌కు తెలుగు ఫారం ఇచ్చారు. పైగా ఏడాది ఆదాయం, నామినీ పేరు అడిగారు. భయమేసింది. (గుణుపురం పాఠకుడు)

జవాబు: ఒడియా ఫారం అడగండి. మీకు అర్థమయ్యే భాషలో రాతపూర్వకంగా వివరించి ఒప్పుకోలు తీసుకోవాలన్నది 2019 నాటి క్లినికల్ ట్రయల్స్ నిబంధనల్లోనే ఉంది. ఆ అనువాదాన్ని ఎథిక్స్ కమిటీ (ట్రయల్‌లో చేరేవారి క్షేమం, హక్కులు చూసే కమిటీ) ఆమోదించి ఉండాలి. నర్సమ్మ నోటితో చెప్పి సంతకం పెట్టించేస్తే సరిపోదు. అసలు చదవలేనివారికైతే, ట్రయల్‌తో సంబంధం లేని సాక్షి మొదటినుంచి చివరిదాకా పక్కనే ఉండి తానూ సంతకం చేయాలి.

నామినీ గడి చూసి ప్రాణం మీదికి వస్తుందేమోనని చాలామంది వెనక్కి తగ్గుతారు. ఆ గడి ప్రభుత్వ నమూనాలోనే ఉంది: ట్రయల్ వల్ల మరణం సంభవిస్తే పరిహారం ఎవరికి చేరాలో తెలియడానికి. ఆదాయం గడి కూడా ఆ నమూనాలోదే. ఆ రోజే సంతకం పెట్టనక్కర్లేదు. ఫారం ఇంటికి తెచ్చుకుని నలుగురితో మాట్లాడండి. సంతకమయ్యాక ఒక ప్రతి మీ చేతికి రావాలి. ప్రధాన డాక్టరు, ఎథిక్స్ కమిటీ ఫోన్ నంబర్లు అందులోనే ఉంటాయి.

ప్రశ్న: మధ్యలో మానేస్తే కేసు పెడతారా? (రాయగడ పాఠకురాలు)

జవాబు: పెట్టరు. కారణం చెప్పకుండానే ఎప్పుడైనా మానేయవచ్చు, అందువల్ల ఆ ఆసుపత్రిలో మీకు అందే మామూలు వైద్యం ఆగకూడదు. ఫోన్ ఎత్తకుండా ఉండిపోవద్దు, మానేస్తున్నామని చెప్పి చివరి పరీక్ష ఒక్కటి చేయించుకోండి. వేసిన మందు ప్రభావం ఇంకా ఒంట్లో ఉండవచ్చు. దానివల్ల హాని జరిగితే ఉచిత వైద్యం మీ హక్కు, ఆ రోజు చూపించడానికి ఫారం ప్రతి, విజిట్ చీటీలు దగ్గర ఉంచుకోండి.