కుందేలు కాదు, కుక్క దగ్గర ఉంది కథ

హనుమకొండ

తమ్ముడూ,

నీ కథ రెండుసార్లు చదివాను. నీళ్లంటే భయపడే స్వరూప చేదబావి దగ్గర మొహం పక్కకు తిప్పుకుని, చేంతాడు బరువును బట్టే బొక్కెన నిండిందని తెలుసుకుంటుంది చూడు, అక్కడ కాగితాలు పక్కన పెట్టి కాసేపు ఊరికే కూర్చున్నాను. అంత బాగా చూసినవాడివి, చివర్లో "పాకాల చెరువులో కాలు పెట్టగానే చిన్ననాటి భయం మటుమాయమైంది" అని ఎట్లా రాయగలిగావు? ఒళ్లు మండింది.

భయం అట్లా పోదు. మెదడు దాన్ని పలక మీది అక్షరంలా తుడిచెయ్యదు. "ఇప్పుడు ఏం కాదు" అనే రెండో పాఠాన్ని దాని పక్కనే నేర్చుకుంటుంది, అంతే. లోపల బాదం గింజ ఆకారంలో ఉండే అమిగ్డలా పాత పాఠాన్ని పట్టుకునే ఉంటుంది. నుదుటి వెనకాల మెదడు దాన్ని అదిమిపెడుతుంది.

1924లో మేరీ కవర్ జోన్స్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త పీటర్ అనే పిల్లాడి గురించి రాసింది. మూడేళ్లు కూడా నిండని వాడికి కుందేలంటే హడలు. భయపడని పిల్లలతో కలిపి ఆడించి చాలావరకు దారిలో పెట్టారు. ఇంతలో వాడికి జ్వరమొచ్చి ఆసుపత్రిలో పడ్డాడు. ఇంటికొచ్చేటప్పుడు ఒక పెద్ద కుక్క మీదికి దూకింది. అంతే, కుందేలు భయం మళ్లీ మొదటికొచ్చింది! ఆ తర్వాత వాడు ఇష్టంగా తినేటప్పుడు బోనులో కుందేలును పెట్టి, మెల్లమెల్లగా దగ్గరికి జరిపారు. చివరికి అది వేళ్లు కొరికినా ఊరుకున్నాడు. నువ్వయితే ఆ కుక్కను కథలోంచి కొట్టేసి ఉండేవాడివి. కథంతా ఆ కుక్క దగ్గరే ఉంది తమ్ముడూ.

1980ల్లో మా ఊళ్లో రాత్రి దర్వాజ కొడితే, తీస్తే గానీ ఎవరో తెలిసేది కాదు. అమ్మ ముందు ఎక్కబుడ్డి ఊదేసేది, తర్వాత నా నోరు మూసేది. ఆ అరచేతికి ఉల్లిగడ్డ వాసన. ఉద్యోగానికి హనుమకొండ వచ్చాక తలుపు చప్పుడంటే పాలవాడు, పేపరబ్బాయి. ఇరవై ఏళ్లు ఏ టెన్షనూ లేదు. నాయన దినాలకు ఊరికి పోయి పాత ఇంట్లోనే పడుకున్నాను. తెల్లవారుజామున పక్కింటి పెద్దమ్మ చాయ్ తెచ్చి దర్వాజ తట్టింది. కాళ్లూ చేతులూ చల్లబడ్డాయి. గొళ్లెం తియ్యలేకపోయాను. మెదడు భయాన్ని ఎక్కడికైనా మోసుకుపోతుంది గానీ, ధైర్యాన్ని మాత్రం నేర్చుకున్న చోటుకే కట్టేస్తుంది. హనుమకొండలో నేర్చుకున్నది ఆ ఇంట్లో పనికిరాలేదు.

అదే కథగా రాస్తే ఒక ఎడిటర్ "ముగింపులో ఆశ కావాలి" అని తిప్పి పంపాడు. మార్చి ఇచ్చాను, అచ్చయింది. ఈ రోజుకూ ఆ కథ చదవబుద్ధి కాదు. ఇప్పుడు పోటీ కథలన్నీ అదే తోవ పట్టాయి, చివరి పేరాకల్లా గాయం మానిపోవాలట. మనిషి ఏళ్ల తరబడి పడ్డ కష్టాన్ని ఒక్క వాక్యంలో కొట్టిపారేయడం నాకు అన్యాయంగా తోస్తుంది.

పాకాల సీను ఉంచు. కానీ కాలు ఒక్కసారిగా పెట్టించకు. మొదటి రోజు కట్ట మీద కూర్చోబెట్టు, ఇంకోరోజు మెట్టు దిగనివ్వు, ఒకరోజు వెనక్కి పరుగెత్తనివ్వు. ఆ తర్వాత స్వరూపను పుట్టింటికి తీసుకుపో, ఆ బావి దగ్గరికే. అక్కడ ఆమె ఏం చేస్తుందో నువ్వే చూసి రాయి. దసరా లోపు పంపు. పోస్టులోనే పంపు, ఫోన్లో నాకు అక్షరాలు ఆనవు.

అన్న