33 ఏళ్ళకి పైలట్ అవ్వొచ్చా? అవ్వొచ్చు, కానీ పొలం జోలికి ఇప్పుడే వెళ్ళకండి

మీరు అడిగింది ఇది: వయసు 33, విజయనగరంలో ప్రైవేటు బ్యాంకులో ఉద్యోగం, ఇంటర్ బైపీసీ, పెళ్ళై ఒక పాప. పైలట్ అవ్వాలని చిన్నప్పటి నుంచి కోరిక. నాన్నగారు బొబ్బిలి దగ్గరి ఎకరంన్నర అమ్మి ఇస్తానంటున్నారు. ఒక ఫ్లయింగ్ స్కూలు వాళ్ళు ఈ నెలాఖరులోపు అడ్వాన్సు కట్టమంటున్నారు. వయసు దాటిపోయిందా, లేక కట్టేయమంటారా?

వయసు దాటిపోలేదు. అడ్వాన్సు మాత్రం కట్టకండి.

నేను మొదలుపెట్టింది 31 ఏళ్ళకి, 2018 చివర్లో. అప్పుడు పైడిభీమవరంలో ఒక మందుల కంపెనీలో షిఫ్ట్ ఇన్‌ఛార్జిని, ఇల్లు శ్రీకాకుళం. ఇప్పుడు నాకు 38, ఏటీఆర్ అనే చిన్న ప్రయాణికుల విమానంలో కో-పైలట్‌గా చేస్తున్నాను. ఈ ఏడేళ్ళలో నాకు బాగా తెలిసొచ్చింది ఒక్కటే. ఈ దారిలో చిన్న ఖర్చులు ముందు పెట్టుకోవాలి, పెద్ద ఖర్చు అన్నిటికన్నా ఆఖరున పెట్టాలి. మనల్ని ఆపేసే అడ్డంకులు చాలావరకు చిన్న ఖర్చులోనే బయటపడతాయి. స్కూళ్ళు మాత్రం పెద్ద డబ్బే ముందు అడుగుతాయి.

అందుకే మొట్టమొదట మెడికల్. డీజీసీఏ (దేశంలో విమానయానాన్ని నియంత్రించే ప్రభుత్వ సంస్థ) గుర్తించిన డాక్టరు దగ్గర క్లాస్ 2 మెడికల్ చేయించుకోండి, ఆ తర్వాత ఇంకా కఠినంగా ఉండే క్లాస్ 1. కమర్షియల్ పైలట్ లైసెన్సుకి క్లాస్ 1 లేకపోతే కుదరదు. నేను బెంగళూరులో ఎయిర్‌ఫోర్స్ వాళ్ళ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఏరోస్పేస్ మెడిసిన్‌లో చేయించుకున్నాను. రక్తపరీక్షలు, ఈసీజీ, చెవులు, కళ్ళు అన్నీ చూస్తారు. కళ్ళజోడు ఉన్నంత మాత్రాన తీసెయ్యరు, జోడుతో చూపు సరిగ్గా ఉండాలి. మన వయసు వాళ్ళకి టెన్షన్ అంతా బీపీ, షుగరు, బరువు దగ్గరే. నేను నైట్ షిఫ్టుల్లో పెంచుకున్న తొమ్మిది కిలోలు తగ్గించుకుని గానీ బెంగళూరు బండి ఎక్కలేదు.

నాతోపాటు స్కూల్లో చేరాల్సిన పలాస కుర్రాడొకడు ఉండేవాడు. వాళ్ళ నాన్నగారు జీడితోట అమ్మేసి మొదటి వాయిదా కట్టేశారు, మెడికల్ తర్వాత చూసుకోవచ్చులే అనుకున్నారు. ఆ అబ్బాయికి ఎరుపు, ఆకుపచ్చ మధ్య తేడా సరిగ్గా కనపడదు. ఇరవై ఆరేళ్ళొచ్చినా ఆ సంగతి ఇంట్లో ఎవరికీ తెలియదు, అతనికీ తెలియదు. రంగు చుక్కల పుస్తకంలో అంకెలు చదవమన్నప్పుడే బయటపడింది. కట్టిన డబ్బులో సగం కూడా వెనక్కి రాలేదు. తోట ఎలాగూ రాదు. మీకు ఇంత పొడుగ్గా రాయడానికి కారణం ఆ అబ్బాయే.

రెండోది మీ బైపీసీ. ఇంటర్‌లో ఫిజిక్స్, మ్యాథ్స్ రెండూ ఉండాలి. మీకు ఫిజిక్స్ ఉంది కాబట్టి ఎన్ఐఓఎస్ ఓపెన్ స్కూల్లో మ్యాథ్స్ ఒక్కటి రాసి పాసైతే సరిపోతుంది. ఉద్యోగం చేస్తూనే రాయొచ్చు.

మూడోది డీజీసీఏ పేపర్లు: నావిగేషన్, మెటీరియాలజీ (వాతావరణం చదువు), రెగ్యులేషన్స్, టెక్నికల్. ప్రతిదానిలోనూ 70 శాతం రావాలి. వీటికి రేడియో లైసెన్సు పరీక్ష అదనం. చాలామంది స్కూల్లో చేరాక, మీటరు తిరుగుతుండగా చదువుతారు. ఉద్యోగం మానకుండా ముందే రాసేస్తే ఏడాది జీతం మిగులుతుంది. పైగా ఈ చదువు నిజంగా మీకు ఇష్టమో కాదో కూడా తేలిపోతుంది. నేను శ్రీకాకుళం నుంచి పైడిభీమవరం వెళ్ళే కంపెనీ బస్సులో, రానూ పోనూ కూర్చుని చదివాను.

మెటీరియాలజీ గురించి ఒక మాట చెప్పాలి. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చిన రాత్రి నేను ఇంట్లోనే ఉన్నాను. మొదట ఉత్తరం వైపు కిటికీ రెక్కలు కొట్టుకున్నాయి. తెల్లవారుజామున తుఫాను పలాస వైపు తీరం దాటాక గాలి తిరిగింది, పడమటి కిటికీ కొట్టుకోవడం మొదలైంది. ఎందుకలా అయిందో అప్పుడు నాకు తెలియదు. రెండు నెలల తర్వాత పుస్తకంలో బైస్ బాలట్ సూత్రం చదివాను. మన ఉత్తరార్ధగోళంలో గాలికి వీపు పెట్టి నిలబడితే అల్పపీడనం మన ఎడమచేతి వైపు ఉంటుంది. వెంటనే లేచి అదే గదిలో ఉత్తరానికి వీపు పెట్టి నిలబడి ఎడమచేయి చాపాను. తూర్పుకి, సముద్రం వైపుకి చూపించింది. పడమటికి వీపు పెట్టాను. చేయి ఉత్తరానికి, పలాస, ఒడిశా వైపుకి తిరిగింది. ఆ రాత్రి తుఫాను ఎటు నుంచి ఎటు పోయిందో నా చేయే చెప్పేసింది. మా ఆవిడ గుమ్మంలో నిలబడి ఇదంతా చూసింది. నాకు ఈ చదువు పట్టుకుందని తనకి నమ్మకం కుదిరింది ఆ రోజే అని తర్వాత చెప్పింది.

ఇంగ్లీషు గురించి మీరు అడగలేదు గానీ, మన వైపు వాళ్ళకి లోపల ఉండే భయమే అది. నేను పదో తరగతి వరకు తెలుగు మీడియం. పైలట్లకి ఇంగ్లీషులో కనీసం లెవెల్ 4 కావాలి. అది సాహిత్యం ఇంగ్లీషు కాదు. కంట్రోలర్ చెప్పిన ఎత్తు, దిక్కు, రన్‌వే నంబరు తప్పు లేకుండా తిరిగి అప్పజెప్పాలి, ఏదైనా తేడా జరిగితే విషయం స్పష్టంగా చెప్పగలగాలి. రోజూ అరగంట బయటికి చదివితే నాలుగు నెలల్లో నాలుక తిరిగింది.

ఇవన్నీ అయ్యాకే డబ్బు. లైసెన్సుకి 200 గంటలు ఎగరాలి, అందులో 100 గంటలు పైలట్ ఇన్ కమాండ్‌గా, అంటే విమానం బాధ్యత మనదిగా. లైసెన్సు చేతికి వచ్చేసరికి తిండి, అద్దెతో కలిపి నాకు 52 లక్షలైంది. ఆ తర్వాత ఏటీఆర్ టైప్ రేటింగ్‌కి, అంటే ఆ రకం విమానం నడపడానికి కావాల్సిన ప్రత్యేక శిక్షణకి, మరో 16 లక్షలు. ఇప్పుడు ఇంకా పెరిగి ఉంటుంది. నేనూ ముందు పొలం కాగితాలు పట్టుకునే బ్యాంకుకి వెళ్ళాను. వద్దన్నారు. మీరు బ్యాంకులోనే ఉన్నారు కాబట్టి తెలిసే ఉంటుంది, అప్పు తీరకపోతే కోర్టుకి వెళ్ళకుండానే తాకట్టు ఆస్తిని బ్యాంకు స్వాధీనం చేసుకోనిచ్చే సర్ఫేసీ చట్టం వ్యవసాయ భూమికి వర్తించదు, అందుకని తాకట్టుకి వెనకాడతారు. చివరికి టౌనులో ఇంటి మీద లోను తీసుకున్నాం. సంతకం పెట్టేటప్పుడు మా నాన్న ఒక్కటే అడిగారు: "ఏటిరా బాబూ, తిరిగి కట్టగలవా?" కడతానని చెప్పాను. ఇప్పటికీ కడుతున్నాను.

స్కూలు ఎంచుకోవడంలో నేను పెద్ద తప్పు చేశాను. ఒకేసారి కడితే తగ్గిస్తామంటే ఫీజు మొత్తం ముందే కట్టేశాను. కాగితం మీద ఏడు విమానాలు. నేను వెళ్ళిన రోజున ఎగురుతున్నవి రెండు, మిగతావి విడిభాగాల కోసం హ్యాంగర్లో ఉన్నాయి. ఎనిమిది నెలల్లో నాకు దొరికింది 41 గంటలు. కాబట్టి మీరు ఆఫీసు గదిలో ప్రకటన పుస్తకం చూసి రాకండి. పొద్దున్నే వెళ్ళి గేటు దగ్గర నిలబడండి. ఎన్ని విమానాలు లేస్తున్నాయో లెక్కపెట్టండి. క్యాంటీన్‌లో విద్యార్థుల్ని "పోయిన నెల నీకు ఎన్ని గంటలు వచ్చాయి?" అని విడివిడిగా నలుగురిని అడగండి. ఎగిరిన గంటలకే వాయిదాలుగా కడతానని చెప్పండి. ఒప్పుకోని స్కూలు వద్దు.

అయినా ఆ రోజులు నాకు ప్రాణం. పొద్దున్న చలిలో సెస్నా అనే చిన్న శిక్షణ విమానం రెక్క కింద నిలబడి, ఇంధనం కొంచెం గాజులాంటి చిన్న కప్పులోకి పట్టి వెలుగుకి ఎత్తి చూస్తాం. ఈ విమానాల పెట్రోలు, ఆవ్‌గ్యాస్, లేత నీలంగా ఉంటుంది. నీళ్ళు చేరి ఉంటే అడుగున బుడగలా విడిగా కనపడతాయి. ఒకరోజు అలా నీళ్ళు కనపడ్డాయి, మళ్ళీ మళ్ళీ పట్టి శుభ్రమయ్యేదాకా బయల్దేరలేదు. ఇరవై ఏళ్ళ పిల్లలకి చెక్‌లిస్టు విసుగ్గా ఉండేది. నాకు కంపెనీలో బ్యాచ్ రికార్డు నింపి సంతకం పెట్టిన ఏళ్ళ అలవాటు. చూడకుండా టిక్కు పెట్టడం చేతకాదు. ముప్పైల్లో వచ్చేవాళ్ళకి ఉన్న బలం ఇదే, దీన్ని తక్కువగా చూడకండి. కొత్తది చేతికి పట్టుబడటంలో మాత్రం వాళ్ళే ముందుంటారు. ల్యాండింగులు వాళ్ళకి పది ప్రయత్నాలకి వస్తే నాకు ఇరవైకి వచ్చాయి.

ఎవరూ చెప్పనిది లైసెన్సు తర్వాత వచ్చే ఖాళీ. 2020 మార్చి 25న దేశంలో విమానాలు ఆగిపోయినప్పుడు నేను సగం శిక్షణలో ఉన్నాను. 2021లో లైసెన్సు వచ్చేసరికి ఎవరూ తీసుకోవడం లేదు. ఉద్యోగం వచ్చింది 2023లో. ఆ మధ్యకాలమంతా మళ్ళీ పైడిభీమవరం వెళ్ళి పాత పనే చేశాను. ఊరికే కూర్చున్నా లైసెన్సుకి ఖర్చు ఆగదు. ఏటా మెడికల్, ఏటా ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ (బయట కనపడకపోయినా మీటర్లు చూసి నడిపే అర్హత) చెక్, దానికి మళ్ళీ విమానం అద్దె. కోవిడ్ లాంటిది మళ్ళీ రాకపోయినా, ఏడాదిన్నర ఇంటి ఖర్చు పక్కన పెట్టుకోకుండా దిగొద్దు. బ్యాంకు ఉద్యోగానికి తిరిగి వెళ్ళే దారి తెంచుకోవద్దు.

వయసు సంగతికి వస్తే, 65 వరకు ఎగరొచ్చు. మీరు 37కి ఎక్కినా 28 ఏళ్ళ సర్వీసు. కానీ ఎయిర్‌లైన్స్ తామే ఎంపిక చేసి శిక్షణ ఇప్పించే క్యాడెట్ ప్రోగ్రాములకు వయోపరిమితి ఉంటుంది, మీకు అవి దొరకడం కష్టం. కో-పైలట్ ప్రకటనల్లో కూడా జీతం కన్నా ముందు వయసు దగ్గర ఏం రాశారో చదవండి.

ఇంకొకటి, భోగాపురం. విజయనగరం నుంచి అశోక్ గజపతిరాజు గారు, శ్రీకాకుళం నుంచి రామ్మోహన్ నాయుడు గారు విమానయాన మంత్రులయ్యారు, మన గుమ్మంలోకి విమానాశ్రయం వచ్చింది. నాకూ గర్వంగానే ఉంటుంది. దాన్ని చూపించి "ఇంటి దగ్గరే ఉద్యోగం" అని ఏ స్కూలువాళ్ళయినా చెబితే నమ్మకండి. పైలట్ ఉండాల్సింది కంపెనీ బేస్ (డ్యూటీ మొదలయ్యే ఊరు) ఎక్కడ ఇస్తే అక్కడ. నేను నెలలో ఇంట్లో ఉండేది ఏడెనిమిది రోజులు. పాప చిన్నది కాబట్టి ఇది మీ ఆవిడతో ముందే కూర్చుని మాట్లాడాల్సిన విషయం, పండగలతో సహా.

ఈ నెలలో మీరు చేయాల్సింది క్లాస్ 2కి అపాయింట్‌మెంట్ తీసుకోవడం, ఓపెన్ స్కూల్ మ్యాథ్స్ అప్లికేషన్ పెట్టడం. నాన్నగారికి మాత్రం, పొలం మాట బెంగళూరు నుంచి క్లాస్ 1 కాగితం వచ్చాకే ఎత్తుదామని చెప్పండి. ఈలోపు బేరగాళ్ళు వస్తే పంట మీద ఉందని పంపించేయమనండి.