రోమనెస్క్ శైలి (యూరప్‌లో 11, 12 శతాబ్దాల నాటి, గుండ్రటి కమానుల రాతి కట్టడాల శైలి) పల్లె చర్చి ఎలా ఉంటుంది?

స్పెయిన్‌లో, పిరనీస్ కొండల్లోని తవుల్ అనే చిన్న ఊళ్లో ఉన్న సాంత్ క్లిమెంట్ చర్చి దీనికి మంచి ఉదాహరణ. దీన్ని 1123 డిసెంబరు 10న ప్రతిష్ఠించారు. లోపల మూడు నడవలు, లావుపాటి గుండ్రటి రాతి స్తంభాలు, పైన చెక్క కప్పు. తూర్పున మూడు అర్ధవృత్తాకార గర్భాలయాలు. పక్కనే ఆరంతస్తుల నలుచదరపు గంటగోపురం, దాని మీద ఇటలీ లొంబార్డీ మేస్త్రీల పద్ధతిలో వరుస కమానులు.

అందరూ వెళ్లేది మాత్రం క్రీస్తు కుడ్యచిత్రం కోసం. తమాషా ఏంటంటే ఒరిజినల్ అక్కడ లేదు! విదేశీ వ్యాపారులు కొనేస్తారన్న భయంతో 1920 ప్రాంతంలో, గోడకు జిగురుతో గుడ్డ అంటించి, రంగుపొరను ఒలిచి బార్సిలోనా మ్యూజియానికి తరలించారు. ఇప్పుడు చర్చిలో ప్రొజెక్టర్‌తో ఆ బొమ్మను గోడమీద చూపిస్తున్నారు. తవుల్ ఉన్న బోయి లోయలోని చర్చిలకు 2000లో యునెస్కో గుర్తింపు వచ్చింది.