పామ్ స్ప్రింగ్స్ వెళ్తే ఇళ్ళు చూడండి

లాస్ ఏంజెలెస్, ఆర్వైన్, శాన్ డియేగో వైపు కొత్తగా వచ్చినవాళ్ళు చలికాలంలో తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది. లాంగ్ వీకెండ్ వస్తోంది, అమ్మానాన్న కూడా ఉన్నారు, వేగాస్ కాకుండా ఎక్కడికి తీసుకెళ్ళాలి అని. నేను కాలిఫోర్నియా ఎడారిలో ఉన్న పామ్ స్ప్రింగ్స్ అంటాను. గోల్ఫ్, స్విమ్మింగ్ పూల్స్ తప్ప అక్కడేముందండీ అంటారు. అక్కడ ఇళ్ళున్నాయి. ఎండలో మనిషి ఎలా బతకాలో బుర్రపెట్టి ఆలోచించి కట్టిన ఇళ్ళు. వేడి దేశం నుంచి వచ్చిన మనకి అవి అర్థమైనంతగా చాలామందికి అర్థం కావని నా గట్టి నమ్మకం.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత, 1940ల చివరి నుంచి 1960ల దాకా కట్టినవి వీటిలో ఎక్కువ. మిడ్ సెంచురీ మోడర్న్ అంటారు. వంద మైళ్ళ దూరంలో హాలీవుడ్ ఉంది కాబట్టి సినిమావాళ్ళ శీతాకాలపు ఇళ్ళు చాలా వచ్చాయి. టూర్లలో గాయకులు ఫ్రాంక్ సినాట్రా పియానో ఆకారపు ఈతకొలను, ఎల్విస్ ప్రెస్లీ హనీమూన్ ఇల్లు ముందు చూపిస్తారు. చూడండి, కానీ అక్కడితో ఆగిపోకండి. ఏ ఇంటి ముందు నిలబడ్డా చూరు ఎంత ముందుకు వచ్చింది, నీడ ఎక్కడ పడుతోంది, అద్దాల గోడ ఏ దిక్కుకి ఉంది, ఈ మూడూ గమనించండి. పైకప్పు కింద సన్నగా పొడుగ్గా ఉండే కిటికీలు వెలుగునీ కొండనీ లోపలికి తెస్తాయి, పక్కింటివాళ్ళ చూపుని రానివ్వవు. వీధి వైపు సిమెంట్ జాలీలు కనిపిస్తాయి. మన ఊళ్ళలో పాత డాబా ఇళ్ళ వరండాలకి పెట్టినలాంటివే. మా నాన్నగారు వాటి దగ్గర నిలబడినంతసేపు ఇంకెక్కడా నిలబడలేదు.

ఎక్కువమంది ఫొటోల్లో చూసే ఇల్లు కౌఫ్‌మన్ డెజర్ట్ హౌస్. పిట్స్‌బర్గ్ డిపార్ట్‌మెంట్ స్టోర్ యజమాని ఎడ్గర్ కౌఫ్‌మన్ కోసం వియన్నాలో పుట్టిన ఆర్కిటెక్ట్ రిచర్డ్ నాయిట్రా 1946లో గీశాడు. అంతకుముందు పేరున్న ఆర్కిటెక్ట్ ఫ్రాంక్ లాయిడ్ రైట్ చేత జలపాతం మీద ఫాలింగ్‌వాటర్ అనే ఇల్లు కట్టించుకున్నదీ ఈ కౌఫ్‌మనే. ఇసుక గాలిని ఆపడానికి నిలువుగా తిరిగే అల్యూమినియం రెక్కలు పెట్టారు దీనికి. ఇప్పటికీ ప్రైవేటు ఇల్లే. రోడ్డు మీంచి కొంత కనిపిస్తుంది, అంతే.

నాకు మాత్రం అలెగ్జాండర్ ఇళ్ళంటేనే ఎక్కువ ఇష్టం. జార్జ్ అలెగ్జాండర్, ఆయన కొడుకు రాబర్ట్ కలిసి పదేళ్ళలో ఈ ప్రాంతంలో 2,000కి పైగా ఇళ్ళు కట్టారు. మొదటి పేటల్లో ఒకటి ట్విన్ పామ్స్, 1957 నాటిది. ఆర్కిటెక్ట్ విలియం క్రైసెల్ సుమారు 1,600 చదరపు అడుగుల ప్లాన్ ఒకటి గీసి, దాన్నే ఒక్కో స్థలంలో ఒక్కో దిక్కుకి తిప్పాడు. పైకప్పులు మార్చాడు. ఒకటి బల్లపరుపు, ఒకటి సీతాకోకచిలుక రెక్కల్లా మధ్యలో కిందికి వంగినది. వీధంతా నడిచినా రెండిళ్ళు ఒకలాగే ఉన్నాయని అనిపించదు. ప్లాన్ ఒకటే కాబట్టి ఖర్చు తగ్గింది. ఇక్కడి కొత్త కమ్యూనిటీల్లో వరసగా ఒకే ముఖం పెట్టుకున్న ఇళ్ళ మధ్య ఉంటున్నవాళ్ళు ఈ వీధి ఒక్కటైనా నడిచి చూడాలి. తక్కువ ఖర్చులో, గుంపుగా కట్టినా అందం తగ్గనక్కర్లేదని కళ్ళారా తెలుస్తుంది. ఊరికి ఉత్తరాన డొనాల్డ్ వెక్స్‌లర్ ఉక్కుతో కట్టిన ఇళ్ళు ఏడున్నాయి, 1960ల మొదటివి. ఇంకా చాలా కట్టాలనుకున్నారు కానీ ఉక్కు ధర పెరిగి అక్కడితో ఆగిపోయింది.

ప్రయాణం విజిటర్ సెంటర్ దగ్గర మొదలుపెట్టండి. హైవే 111 మీద ఊళ్ళోకి వస్తుంటే రెక్క విప్పినట్టు పైకి లేచిన పైకప్పుతో కనిపిస్తుంది. 1965లో ఆల్బర్ట్ ఫ్రే, రాబ్సన్ చేంబర్స్ గీసిన పెట్రోల్ బంకు అది. ఇళ్ళ మ్యాప్ అక్కడే అడగండి. ఫ్రే స్విట్జర్లాండ్‌లో పుట్టి, పారిస్‌లో ల కార్బూజియే అనే ఆర్కిటెక్ట్ దగ్గర పనిచేసి ఇటు వచ్చాడు. ఆ కార్బూజియే తర్వాత చండీగఢ్ గీశాడు. కొండ మీద ఫ్రే కట్టుకున్న చిన్న ఇంట్లోకి ఒక పెద్ద బండరాయి అలాగే చొచ్చుకొచ్చి ఉంటుంది. రాయిని పగలగొట్టకుండా దాని చుట్టూ అద్దం బిగించాడు. 1998లో చనిపోతూ ఇంటిని ఊళ్ళోని ఆర్ట్ మ్యూజియంకి రాసిచ్చాడు. ఆయన 1931 నాటి అల్యూమినేర్ హౌస్ న్యూయార్క్ నుంచి విడిభాగాలుగా వచ్చి 2024 నుంచి మ్యూజియం పక్కనే నిలబడింది. బయటి నుంచి తీరిగ్గా చూడొచ్చు.

ఈ ధోరణి మనకి బొత్తిగా పరాయిది కూడా కాదు. పాండిచ్చేరి అరవిందాశ్రమంలో గోల్కొండ అనే వసతి భవనం ఉంది. ఒకప్పుడు రైట్ దగ్గర పనిచేసిన ఆంటొనిన్ రేమండ్ 1930లలో గీశాడు. హైదరాబాద్ దివాను సర్ అక్బర్ హైదరీ ద్వారా నిజాం డబ్బు అందింది కాబట్టి ఆ పేరు పెట్టారు. గోడలకి బదులు తెరిచి మూసే పలకలతో గాలి ఆడేలా కట్టిన భవనం అది. నాయిట్రా అల్యూమినియం రెక్కల గురించి ఇంట్లోవాళ్ళకి చెప్పేటప్పుడు దీని గురించి కూడా చెప్పండి.

పెద్దవాళ్ళని లోపలికి తీసుకెళ్ళి చూపించాలంటే పక్క ఊరు రాంచో మిరాజ్‌లోని సన్నీల్యాండ్స్ మంచిది. పత్రికల యజమాని వాల్టర్ ఆనెన్‌బర్గ్ దంపతుల కోసం ఎ. క్విన్సీ జోన్స్ గీసిన ఇల్లు, 1966లో పూర్తయింది. 2013లో ఒబామా, షీ జిన్‌పింగ్ కలుసుకున్నది ఇక్కడే. ఇంటి టూర్‌కి టికెట్లు ముందే ఆన్‌లైన్‌లో తీసుకోవాలి. ఎడారి మొక్కల తోటకి టికెట్ లేదు. కుర్చీలున్నాయి, నీడ ఉంది, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకి ఇబ్బంది ఉండదు. ఎండాకాలంలో కొన్నాళ్ళు మూసేస్తారు, వెబ్‌సైట్ చూసి బయల్దేరండి.

మిగతా ఇళ్ళ లోపలికి వెళ్ళాలంటే ఫిబ్రవరిలో జరిగే మోడర్నిజం వీక్ అసలు సమయం. పేరు వీక్ అయినా పదకొండు రోజులు. అప్పుడు హోటళ్ళ ధరలు బాగా పెరుగుతాయి, పేరున్న ఇళ్ళ టికెట్లు ముందే అయిపోతాయి. అక్టోబర్‌లో చిన్నగా మరోసారి జరుపుతారు, కుటుంబంతో వెళ్ళేవాళ్ళకి అదే తేలిక.

ఒక్క సంగతి ఇంట్లో అందరికీ ముందే చెప్పండి. ఇవి జనం కాపురముంటున్న ఇళ్ళు. రోడ్డు మీద నిలబడి ఫొటో తీసుకోవచ్చు, డ్రైవ్‌వేలో అడుగు పెట్టకూడదు, గోడ మీంచి తొంగి చూడకూడదు. ఇంటి ముందు నారింజ, నిమ్మ చెట్లు విరగకాసి ఉంటాయి. మనవాళ్ళు అలవాటుగా ఒకటి కోస్తారు. దయచేసి కొయ్యనివ్వకండి.

జూన్ నుంచి సెప్టెంబర్ దాకా ఇళ్ళు చూడ్డానికి వెళ్ళకండి. రెంటచింతల ఎండలు చూసినవాళ్ళం అనే ధైర్యం ఇక్కడ పనికిరాదు. 2024 జూలై 5న 124 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే 51 సెల్సియస్ నమోదైంది. గాలి పొడిగా ఉంటుంది కాబట్టి చెమట పట్టినట్టే తెలియదు. పెద్దవాళ్ళు దాహం వేయట్లేదని నీళ్ళు తాగకుండా కళ్ళు తిరిగి కూర్చుంటారు. చలికాలంలో కూడా సీసా చేతిలో ఉండాలి. మధ్యాహ్నం ట్రామ్‌వే, అంటే తీగల మీద నడిచే కేబుల్ కార్ ఎక్కి కొండ మీదికి వెళ్ళే ఆలోచన ఉంటే స్వెటర్లు మర్చిపోవద్దు, పైన 8,500 అడుగులు.

ఈ ఊరి కథలో టూర్లలో తక్కువగా వినిపించే భాగం ఒకటుంది. ఇది అగువా కాలియెంటే కవియా అనే అమెరికా మూలవాసీ తెగవాళ్ళ నేల. 19వ శతాబ్దంలో ప్రభుత్వం చదరపు మైలు గడులుగా విడగొట్టి ఒకటి రైల్వేకి, ఒకటి తెగకి ఇచ్చింది, చదరంగం బల్లలాగా. ఊరి నడిబొడ్డునున్న సెక్షన్ 14 అనే గడిలో నల్లజాతి, మెక్సికన్ కూలీ కుటుంబాలు ఉండేవి. ఈ అందమైన ఊరు కట్టడంలో వాళ్ళ కష్టం ఉంది. 1950, 60లలో వాళ్ళని ఖాళీ చేయించి ఇళ్ళు కూల్చారు, తగలబెట్టారు. నగరం 2021లో క్షమాపణ చెప్పింది, 2024లో పరిహారానికి ఒప్పుకుంది. 2023లో తెరిచిన తెగ మ్యూజియం డౌన్‌టౌన్‌లోనే ఉంది. ఇళ్ళు చూసే రోజే అక్కడికీ వెళ్ళండి, పిల్లల్ని కూడా తీసుకెళ్ళండి.

ఆ గడుల లెక్క ఇవాళ్టికీ నడుస్తోంది. చూసి ముచ్చటపడి, ఒకటి కొని వెకేషన్ రెంటల్‌కి ఇద్దామా అని నన్ను అడిగేవాళ్ళు ఎక్కువవుతున్నారు. ధర తక్కువగా కనిపించిన ఇల్లు చాలాసార్లు తెగవాళ్ళ లీజు భూమి మీద ఉంటుంది. ఇల్లు మీది, నేల మీది కాదు. నేలకి అద్దె విడిగా కట్టాలి. లీజు ఇంకా ఎన్నేళ్ళుందో చూసి గానీ బ్యాంకు లోను ఇవ్వదు. పైగా 2022 నుంచి వెకేషన్ రెంటల్స్‌కి పేటకి 20 శాతం పరిమితి ఉంది. అది నిండిన పేటలో కొత్తవాళ్ళు వెయిటింగ్ లిస్టులో ఉండాల్సిందే. ఆఫర్ రాసే ముందే ఏజెంటుని నేల సొంతమా లీజా, లీజు ఏ సంవత్సరంతో ముగుస్తుంది, పేటలో పర్మిట్ ఖాళీ ఉందా అని అడిగి, జవాబులు కాగితం మీద తీసుకోండి.